అద్దె ఆగిపోయింది, ఇప్పుడు ఓనరు ఏం చేయాలి? చెన్నైలో ఇల్లు అద్దెకిచ్చిన మనవాళ్ల కోసం

అద్దె రెండు నెలలు రాకపోతే ఓనరు చెయ్యి ముందుగా పోయేది మోటారు స్విచ్ మీదికే. మా ఇంట్లోనూ అదే జరిగింది. పెరంబూరులో మాది పాత ఇల్లు. కింద మేము, మేడ మీద ఒక పోర్షన్. అద్దెకున్నవాళ్లు నెల్లూరు వైపు వాళ్లు, మా పెద్దమ్మకు తెలిసినవాళ్లే. మూడో నెల కూడా డబ్బు రాకపోయేసరికి నాన్న ఒకరోజు పొద్దున మోటారు వెయ్యలేదు. "నీళ్లు ఊరికే వస్తున్నాయా? అద్దె ఇచ్చి అడగమను" అన్నారు. మధ్యాహ్నానికి పై ట్యాంకు ఖాళీ. సాయంత్రం ఆ ఇంటావిడ బిందె పట్టుకుని కిందికి దిగింది. మాతో ఒక్క మాట అనలేదు. మోటారు గది ముందు ఆ ఖాళీ బిందె పెట్టి ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఆ ఫొటో ఒక ఫిర్యాదుకు జతై మాకే వచ్చింది. మూడు నెలల అద్దె బాకీ పడ్డవాళ్లు ఫిర్యాదుదారులు, సంజాయిషీ చెప్పుకోవాల్సింది మేము. అద్దె మాట ఎత్తబోతే, విచారించే అధికారి "అది వేరే విషయం సార్, ముందు నీళ్లు వదిలారా లేదా చెప్పండి" అన్నారు. నాన్నకు అప్పుడు చాలా కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాటలోనే మొత్తం సంగతి ఉందని ఆలస్యంగా అర్థమైంది. వాళ్లు అద్దె ఆపినా ఓనరుగా మన బాధ్యతలు ఆగవు. చట్టం ఈ రెంటినీ రెండు వేర్వేరు ఖాతాల్లో రాస్తుంది. మన ఖాతా శుభ్రంగా ఉంటేనే వాళ్ల ఖాతా గురించి గట్టిగా అడగగలం.

ఆ తర్వాతి నెలల్లో లాయర్ల దగ్గర, కోర్టు వరండాలో తిరిగి నేర్చుకున్నదాన్ని వరసగా రాస్తున్నాను. మీ కేసుకు మీ లాయరు చెప్పిందే ఫైనల్.

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా

చెన్నైలో ఇప్పుడు నడుస్తున్నది తమిళనాడు ఇంటి యజమానులు, అద్దెదారుల హక్కులు–బాధ్యతల నియంత్రణ చట్టం, 2017. ఇది 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. దీంతో 1960 నాటి పాత రెంట్ కంట్రోల్ చట్టం రద్దయింది. పెద్దవాళ్ల నోట ఇంకా వినిపించే "రెంట్ కంట్రోల్ కేసు", "విల్‌ఫుల్ డిఫాల్ట్" (కావాలనే అద్దె ఎగ్గొట్టడం) లాంటి మాటలు ఆ పాత చట్టం నాటివి. హైదరాబాద్ బావగారు, బెంగళూరు తమ్ముడు ఇచ్చే సలహాలు ప్రేమతో ఇచ్చినవే అయినా ఇక్కడికి సరిపోవు. అద్దె చట్టం రాష్ట్రానికొకటి.

కొత్త చట్టంలో మూడు మెట్లున్నాయి. మొదటిది రెంట్ అథారిటీ. ఆ అధికారి హోదా డిప్యూటీ కలెక్టర్‌కు తగ్గదు. అగ్రిమెంటు నమోదు, నీళ్లు కరెంటు ఆపారన్న ఫిర్యాదులు, ఓనరు తీసుకోనన్న అద్దెను డిపాజిట్ చేసుకోవడం ఆయన దగ్గర. ఇల్లు ఖాళీ చేయించాలంటే రెంట్ కోర్టు. దాని మీద అప్పీలుకు రెంట్ ట్రిబ్యునల్.

1. బీరువా తెరిచి కాగితాలు తీయండి

అద్దెకున్నవాళ్లతో గొడవ మొదలుపెట్టేలోపు మీ దగ్గర ఏముందో చూసుకోండి. అన్నిటికంటే ముందు అగ్రిమెంటు. "పదకొండు నెలలకు రాసుకున్నాం కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అనుకుంటారు చాలామంది. రిజిస్ట్రేషన్ చట్టం వరకు ఆ మాట నిజం. కానీ తమిళనాడులో 2017 చట్టం ప్రకారం ఎన్ని నెలల అగ్రిమెంటైనా రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. ప్రభుత్వ టెనెన్సీ పోర్టల్లో దరఖాస్తు చేస్తే నమోదు నంబరు ఇస్తారు. ఆ నంబరు లేని అగ్రిమెంటును సాక్ష్యంగా చూపడానికి వెళితే అవతలి లాయరు మొదటి అభ్యంతరం అక్కడే చెప్తాడు.

మాది ఇరవై రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు. మనవాళ్లే కదా అని నమోదు చేయలేదు. ఇలాంటివాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. చట్టప్రకారం చేసుకోవాల్సిన అగ్రిమెంటు చేసుకోలేకపోవడం కూడా 21వ సెక్షన్‌లో ఇల్లు తిరిగి అడగడానికి ఒక కారణమే. అయితే తప్పు మీ వైపు లేదని కనబడాలి. అందుకని "ఫలానా తేదీన అగ్రిమెంటు రాసి నమోదు చేసుకుందాం, రండి" అని అద్దెదారుకు రాతపూర్వకంగా కబురు పంపి, దాని కాపీ, పోస్టు రసీదు దాచుకోండి. వాళ్లు వస్తే అగ్రిమెంటు చేతికొస్తుంది, రాకపోతే రాలేదనడానికి ఆధారం మిగులుతుంది.

దానితో పాటు ఇంటి పత్రం కాపీ, ఆస్తి పన్ను రసీదు, అద్దె జమైనట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, అడ్వాన్స్ తీసుకున్నప్పుడు రాసిచ్చిన కాగితం, ఈబీ (కరెంటు బోర్డు) బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అద్దె చేతికి తీసుకుని రసీదు ఇవ్వకుండా గడిపిన నెలలు ఉంటే అది మీ బలహీనత. రసీదు అడిగి తీసుకునే హక్కు అద్దెదారుకు చట్టంలోనే ఉంది.

2. మీరు ఆపకూడనివి

ఎక్కువమంది ఓనర్లు చేతులారా కేసు చెడగొట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నీళ్లు, కరెంటు, మెట్ల లైటు, లిఫ్టు, పార్కింగ్, పారిశుద్ధ్యం, ఇవన్నీ చట్టం దృష్టిలో అత్యవసర సేవలు. అద్దె ఎన్ని నెలలు బాకీ ఉన్నా వీటిని మీరు గానీ, మీ తరఫున వాచ్‌మన్, అసోసియేషన్ వాళ్లు గానీ ఆపకూడదు. ఆపితే అద్దెదారు రెంట్ అథారిటీకి వెళ్లొచ్చు. విచారణ పూర్తయ్యేదాకా ఆగకుండా, ముందు సేవ పునరుద్ధరించమని అధికారి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. తర్వాత జరిమానా కూడా పడొచ్చు.

సొంతంగా మోటారు వేసే ఇళ్లలో ఒక చిక్కుంది. "నేను ఆపలేదు, మోటారు చెడిపోయింది" అని చెప్పాల్సిన రోజు నిజంగానే రావచ్చు. మాకు వచ్చింది కూడా. ఫిర్యాదు నడుస్తుండగానే మోటారు వైండింగ్ కాలిపోయింది. ఎవరు నమ్ముతారు? ఆ రోజే మెకానిక్‌ను పిలిపించి, బిల్లు రాయించుకుని, రెండు రోజులు లారీ నీళ్లు తెప్పించి సంపులో పోయించాం. పైవాళ్ల ఫోనుకు "మోటారు రిపేరులో ఉంది, లారీ నీళ్లు వచ్చాయి, ఉదయం ఏడింటికి, సాయంత్రం ఆరింటికి కింది కుళాయి దగ్గర పట్టుకోండి" అని మెసేజ్ పెట్టాను. అద్దె ఇవ్వనివాళ్లకు లారీ నీళ్లు కొనిచ్చామని వీధిలో నవ్వారు. కోర్టులో ఆ లారీ బిల్లే మా పరువు కాపాడింది.

ఈబీ సంగతి వేరు. తమిళనాడులో ఇళ్లకు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, సర్వీసు ఓనరు పేరు మీద ఉంటుంది. కట్టాల్సింది అద్దెదారు, కట్టకపోతే బోర్డు వాళ్లు కనెక్షన్ తీసేస్తారు. సాంకేతికంగా అది మీరు ఆపినట్టు కాదు. కానీ "బిల్లు నాకు చూపించనే లేదు, కావాలనే కట్ చేయించారు" అని వాళ్లు అంటే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ముందు మీరే కట్టేయండి. రసీదును బాకీ లెక్కలో చేర్చండి. అద్దెతో పాటు ఇలాంటి ఇతర చార్జీలను కూడా నోటీసులో అడగొచ్చు. పోయేది లేదు.

రిపేర్లూ అంతే. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, కట్టడపు మరమ్మతులు, లోపలి పైపులు మార్చడం, వైరింగ్ వంటివి అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే ఓనరు బాధ్యత అని చట్టం షెడ్యూలు చెప్తుంది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, పగిలిన అద్దాలు అద్దెదారు చూసుకోవాలి. వర్షాకాలంలో పై కప్పు కారుతుంటే "ముందు అద్దె ఇవ్వు, తర్వాత సిమెంటు పూస్తా" అనకండి. మీరు చేయించనంటే అద్దెదారు తనే చేయించి ఖర్చు అద్దెలో తగ్గించుకునే వీలుంది. ఒక్కోసారి అద్దె ఆగడానికి అసలు కారణం అదే అయ్యుంటుంది. అడిగి తెలుసుకోండి.

ఇంట్లోకి వెళ్లడం గురించి ఒక మాట. ఇల్లు మీదే, తాళంచెవి కాపీ మీ దగ్గరే ఉంది. అయినా కారణం రాసి, కనీసం 24 గంటల ముందు నోటీసు ఇచ్చే వెళ్లాలి. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం, సామాను వరండాలో పెట్టడం మాత్రం పొరపాటున కూడా చేయొద్దు. మీమీద క్రిమినల్ కేసు పడొచ్చు. దాంతోపాటు, చట్టప్రకారం కాకుండా బయటికి గెంటేస్తే ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి వచ్చే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఇస్తుంది. అప్పుడు ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న కూడా కోర్టు చూడదు, ఎవరిని ఎలా గెంటారు అన్నదే చూస్తుంది.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "ఫలానా ఫ్లాట్ వాళ్లు మూడు నెలలుగా అద్దె ఇవ్వలేదు" అని పెట్టడం, వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేయడం, పిల్లల స్కూలు దగ్గర నిలదీయడం వల్ల అద్దె వచ్చిందని నేనెక్కడా వినలేదు. ఇక ఏరియాలో పెద్దమనిషిని, పార్టీ మనిషిని పట్టుకుని "కట్టపంచాయతీ" చేయించుకునే సలహా మీకు తప్పకుండా వస్తుంది. ఆ మనిషికి ఇచ్చే కమీషన్ మూడు నెలల అద్దెకు తక్కువుండదు, బెదిరింపు కేసు వచ్చినప్పుడు అందులో ఉండేది మీ పేరే.

3. ఒకసారి కూర్చుని మాట్లాడండి, ఒక్కసారే

ఇవ్వలేనివాళ్లు వేరు, ఇవ్వనివాళ్లు వేరు. మా పైవాళ్లు మొదటి రకం. ఆయన పనిచేసే కంపెనీలో ఉద్యోగాలు తీసేశారు. ఆ సంగతి మాకు నాలుగో నెలలో గానీ తెలియలేదు. తెలిసిన రోజు ఆయన కిందికి వచ్చి కూర్చున్నారు.

"మావయ్యగారూ, ఇంకో రెండు నెలలు ఆగండి. అడ్వాన్స్ మీ దగ్గరే ఉంది కదా, అందులో సర్దుకోండి."

"అడ్వాన్స్ నువ్వు ఖాళీ చేసే రోజు లెక్క బాబూ. నెలనెలా అద్దెకు కాదు."

నాన్న ఆ ఒక్క మాట సరిగ్గా అన్నారు. ఎందుకో వచ్చే భాగంలో చెప్తాను. మాట్లాడినప్పుడు ఏదైనా ఒప్పుకుంటే తెల్లకాగితం మీదైనా రాసుకోండి. ఎంత బాకీ, ఎన్ని వాయిదాలు, ఏ తేదీలు, ఇద్దరి సంతకాలు. గడువు ఒకసారే ఇవ్వండి. రెండోసారి, మూడోసారి ఇస్తూ పోతే అది మంచితనంలాగా కనబడుతుంది గానీ, చివరికి ఇద్దరినీ ముంచుతుంది. బాకీ పెరిగేకొద్దీ వాళ్లకు తీర్చే ఆశ పోతుంది, ఖాళీ చేయాలన్న ఆలోచనా పోతుంది.

4. లెక్క రాయండి, అడ్వాన్స్‌ను మర్చిపోకుండా

ఒక నోటుపుస్తకంలో పేజీకి ఒక నెల చొప్పున రాశాను. మా మొదటి రెండు నెలల లెక్క ఇలా ఉండేది:

అద్దె: 14,000 చొప్పున రెండు నెలలకు 28,000
మెయింటెనెన్స్: 1,200 చొప్పున 2,400
ఈబీ బిల్లు, మేము కట్టింది: 1,860
మొత్తం: 32,260

ఇప్పుడు అడ్వాన్స్. చెన్నైలో పది నెలల అడ్వాన్స్ తీసుకోవడం ఆనవాయితీ. మేమూ 1,40,000 తీసుకున్నాం. కానీ 2017 చట్టం సెక్యూరిటీ డిపాజిట్‌కు మామూలుగా మూడు నెలల అద్దెనే పరిమితిగా చెప్తుంది. పది నెలల అడ్వాన్స్ దగ్గర పెట్టుకుని రెండు నెలల బాకీకి కోర్టుకెళితే, "ఎక్కువ తీసుకున్నదాంట్లోంచి సర్దుకుంటే బాకీ ఎక్కడుంది?" అని అవతలివాళ్లు వాదించడం ఖాయం. పాత చట్టం కింద ఈ వాదన చాలా కేసుల్లో నెగ్గింది కూడా. అందుకే లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు అడ్వాన్స్ ఎంతో దాచకుండా మొదటి నిమిషంలోనే చెప్పండి. కేసు ఏ కారణం మీద వేయాలన్నది దాన్నిబట్టి మారిపోతుంది.

ఇంకోటి. ఫోన్లోనో, మెసేజ్‌లోనో "సరేలే, అడ్వాన్స్‌లో కట్ చేసుకుంటా" అని మీరు ఒక్కసారి అంటే ఆ నెలలకు బాకీ లేనట్టే. నాన్న అనకపోవడం మా అదృష్టం. మొహమాటానికి పోయి నేనైతే అనేసేదాన్నే.

5. నోటీసు

అద్దెకున్నవాళ్లు రెండు నెలల బాకీ పడాలి. మీరు డిమాండు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక నెల రోజుల్లో వాళ్లు బాకీ మొత్తం, వడ్డీతో సహా, తీర్చకపోతేనే ఈ కారణం మీద కోర్టుకు వెళ్లే హక్కు వస్తుంది. ఆ లోపల వేసిన కేసు నిలబడదు.

తేదీలతో చూద్దాం. అద్దె ప్రతి నెలా 5కి ఇవ్వాలి. జూన్, జూలై రాలేదు. జూలై 6నే నోటీసు పంపాలనిపిస్తుంది. జూలై నెల నిండనివ్వండి. ఆగస్టు మొదటి వారంలో పంపండి. ఆగస్టు 9న అందిందనుకుంటే, సెప్టెంబరు 9 దాకా ఆగి ఆ తర్వాతే కేసు. ఒక నెల పోతే పోయింది గానీ "రెండు నెలలు నిండలేదు" అనే వాదనకు చోటుండదు.

నోటీసు ఎలా ఇవ్వాలన్నది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో ఉంది. రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యులకైనా ఇవ్వొచ్చు. ఇవేవీ వీలుకాకపోతే ఇంటికి బాగా కనబడే చోట అతికించొచ్చు. వాట్సాప్ నోటీసును నమ్ముకోకండి, అదనంగా పంపితే పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి పోస్టాఫీసులో స్పీడ్ పోస్టుకే, అందినట్టు రుజువు వచ్చేలా కట్టండి. కవరు "తీసుకోలేదు" అని తిరిగొస్తే చింపి చూడకండి! అలాగే సీలుతో ఫైల్లో పెట్టండి, అది మీ సాక్ష్యం.

మామూలుగా లాయరు ఇంగ్లీషులోనో తమిళంలోనో పంపుతారు. విషయం ఇంత సూటిగా ఉంటే చాలు:

"మీరు ఫలానా చిరునామాలోని మేడ మీద పోర్షన్‌లో నెలకు రూ. 14,000 అద్దెకు ఉంటున్నారు. జూన్, జూలై నెలల అద్దె రూ. 28,000, మెయింటెనెన్స్ రూ. 2,400, మీ తరఫున నేను కట్టిన కరెంటు బిల్లు రూ. 1,860, మొత్తం రూ. 32,260 బాకీ ఉన్నారు. ఈ నోటీసు అందిన నెల రోజుల్లో ఈ మొత్తాన్ని, అగ్రిమెంటు ప్రకారం వడ్డీతో సహా, చెల్లించాలి. లేకపోతే ఇల్లు స్వాధీనం కోరుతూ రెంట్ కోర్టును ఆశ్రయిస్తాను."

తిట్లు వద్దు, "ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చేయి" లాంటివి అసలే వద్దు. రూపాయి కూడా ఎక్కువ అడగకండి. లెక్క తప్పయితే నోటీసు మొత్తం అనుమానంలో పడుతుంది.

6. ఆ నెల రోజులూ

ఈ నెలలో వాళ్లు డబ్బు తెస్తే తీసుకోవాల్సిందే. "నాకు అద్దె వద్దు, ఇల్లు కావాలి" అని తిప్పి పంపితే వాళ్లు అద్దెను రెంట్ అథారిటీ దగ్గర డిపాజిట్ చేసి, బాకీ లేనివాళ్లయిపోతారు. కొంత తెస్తే కొంత తీసుకోండి. రసీదు మీద మాత్రం "ఫలానా నెల బాకీ కింద, నోటీసు తాలూకు నా హక్కులకు భంగం లేకుండా" అని రాయండి. ఆ ముక్క లేకపోతే, డబ్బు తీసుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నట్టే అంటారు.

నెలలోపు మొత్తం తీర్చేస్తే ఈసారికి కేసు లేదు. కోర్టుకు వెళ్లాక కూడా ఇలా తీర్చి బయటపడే అవకాశాన్ని ఊరికే మళ్లీ మళ్లీ వాడుకోవడం కుదరదు. ఒకసారి ఆ వెసులుబాటు పొంది, తర్వాతి ఏడాదిలో వరసగా రెండు నెలలు ఎగ్గొడితే మళ్లీ దొరకదు.

7. రెంట్ కోర్టు

చెన్నైలో రెంట్ కోర్టు అంటే స్మాల్ కాజెస్ కోర్టులోనే. హైకోర్టు ప్రాంగణంలో ఉంటుంది, హైకోర్టు మెట్రో స్టేషన్లో దిగి నడవొచ్చు. కేసు నంబరుకు ముందు ఆర్‌ఎల్‌టీఓపీ అని ఉంటుంది. లిస్టులో ఆ అక్షరాలు వెతుక్కోవాలని తెలియక మొదటి రోజు గంటసేపు తప్పు హాలు ముందు కూర్చున్నాం.

కేసు నడుస్తున్నన్నాళ్లూ పైన రెండో భాగంలో రాసినవన్నీ వర్తిస్తూనే ఉంటాయి. నీళ్లు, దారి, కప్పు అన్నీ. ఆస్తి పన్నూ మీరే కట్టాలి, చెన్నైలో ఆరు నెలలకోసారి. మీకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది. అద్దెదారు కేసును ఎదిరిస్తుంటే, ఈలోపు అద్దె, చార్జీలు కట్టేలా ఆదేశించమని కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది లాయర్లు ఇది అడిగితేగానీ చెప్పరు, అడగండి.

బాకీ అద్దె రాబట్టడానికి కాలపరిమితి మూడేళ్లు. అది గుర్తుంచుకుంటే చాలు.

పోలీసులు ఇల్లు ఖాళీ చేయించరు, వాళ్లకు ఆ అధికారం లేదు. బెదిరింపులు, కొట్లాట ఉంటే మాత్రం స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

రాజీ మార్గం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోక్ అదాలత్‌లో కేసు వేయకముందే కూడా కూర్చోవచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. మాది చివరికి ఇద్దరు లాయర్ల మధ్య రాజీతోనే తేలింది. రెండు నెలల్లో ఖాళీ చేస్తారు, బాకీ అడ్వాన్స్‌లో కోసుకోవాలి, మిగిలింది తిరిగివ్వాలి. అప్పుడు మాత్రమే అడ్వాన్స్ ముట్టుకున్నాం, అదీ రాతలో.

పన్ను గురించి ఒక వాక్యం. రాని అద్దెను ఆదాయపు పన్నులో చూపక్కర్లేని వీలుంది, కానీ అద్దెదారును ఖాళీ చేయించడానికి, బాకీ రాబట్టడానికి మీరు నిజంగా ప్రయత్నించారని చూపాలి. ఆ నోటీసూ పోస్టు రసీదూ ఇక్కడ కూడా పనికొస్తాయి. మీ ఆడిటర్‌కు వాటి కాపీలివ్వండి.

8. ఖాళీ చేసే రోజు

ఈ రోజుకు కోపాలు చల్లారి ఉండవు. అందుకే పనిని కాగితం మీద పెట్టండి. ఇద్దరూ కలిసి గదిగదీ తిరిగి, పాడైనవి రాసి, ఫొటోలు తీసి, సంతకాలు పెట్టుకోవాలి. ఈబీ మీటర్ రీడింగ్ ఆ రోజుదే రాయాలి. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో అంకెతో సహా రాయించుకోండి.

"పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె" అని కోయడం చెన్నైలో మామూలు. అగ్రిమెంటులో లేకుండా కోయకండి, సున్నం పని ఓనరుదని పైన చెప్పాను కదా. వాళ్లు విరగ్గొట్టినదానికి, బాకీకి మాత్రమే కోత. మిగిలిన అడ్వాన్స్ ఖాళీ చేసిన నెల రోజుల్లో ఇచ్చేయాలి. బాకీ పడ్డవాళ్లు కదా, వాళ్లనూ కాస్త తిప్పుదాం అనిపిస్తుంది. చట్టం ఒప్పుకోదు.

మా లెక్క: ఆరు నెలల అద్దె 84,000, మూడు ఈబీ బిల్లులు 5,420, బాత్రూం తలుపుకు 3,800. మొత్తం 93,220. మెయింటెనెన్స్ రాజీలో వదులుకున్నాం. 1,40,000లో అది పోను 46,780. నాన్న ఆ రోజే చెక్కు రాసి, సామాను వ్యాను బయల్దేరేముందు ఆయన చేతికిచ్చారు. ఆయన రసీదు మీద సంతకం పెట్టి, చెక్కు జేబులో పెట్టుకుంటూ, "మావయ్యగారూ, మోటారు స్విచ్ వదులైపోయింది, షాక్ కొడుతోంది, మార్పించండి" అన్నారు. మరుసటి రోజు మార్పించాం.